ఇటుకను కాదు, సందును చూడండి

(హన్మకొండలో బడి టీచర్లకు, నాటకాలు వేసే పిల్లలకు, గణపతి మండపాలు కట్టే యువకులకు కలిపి, థర్మాకోల్‌తో డమ్మీ ఇటుక స్తంభాలు చేయడం మీద పెట్టిన ఒకరోజు శిక్షణలో మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని రాసుకున్నవి.)

మైక్ వద్దులే తమ్ముడూ, అది కూత పెడుతోంది. నాకు గొంతుంది. వెనకవాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే ముందుకు జరగండి, ఎట్లాగూ ఇంకో గంటలో అందరం ఈ బల్ల చుట్టూ చేరాల్సినవాళ్లమే.

ఇవిగో, రెండు స్తంభాలు తెచ్చాను. రెండూ థర్మాకోలే. రెండిటికీ ఒకటే జాజు, అదే ఎర్రమట్టి రంగు, పూశాను, రెండూ ఒకే ఎత్తు. ఏది ఇటుకలతో కట్టినట్టుంది? కుడిదా? అందరూ కుడిదే అంటున్నారా? మరి ఎడమదాన్ని చూస్తే ఏమనిపిస్తోంది?

(ఒక గొంతు: బిస్కెట్ ప్యాకెట్. నవ్వులు.)

ఎవరమ్మా అన్నది? నిజమే, ఎర్ర కాగితం చుట్టి తెల్ల గీతలు కొట్టినట్టుంది. నేను మొదటి నాలుగైదేళ్లు చేసినవన్నీ అట్లాగే ఉండేవి, ఇది కావాలని మళ్లీ ఆ పద్ధతిలోనే చేసి తెచ్చాను. తేడా ఎక్కడుందో ఇప్పుడే చెప్పను. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు చూస్తూ ఉండండి, దొరికినవాళ్లు చెయ్యెత్తండి.

నేను బోర్డులు రాసేవాణ్ని. దుకాణాల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, ఎలక్షన్లు వస్తే పార్టీల గుర్తులు. ఫ్లెక్స్ వచ్చింది, ఆ పని పోయింది. బ్రష్ పట్టిన చెయ్యి ఊరికే ఉండదు కదా, బడుల వార్షికోత్సవాలకు తెరలు రాశాను, తర్వాత మండపాలకు సెట్లు వేశాను, అట్లా ఇటు వచ్చి పడ్డాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడుచేసి నేర్చుకున్నాను. ఎట్లా పాడుచేశానో చెప్తే మీకు ఆ ఖర్చన్నా తప్పుతుంది.

మొదటిది ఒక బడిలో. చాకలి ఐలమ్మ కథ వేస్తున్నారు, దేశ్‌ముఖ్ గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాని ముందర రెండు ఇటుక స్తంభాలు కావాలన్నారు. రెండు రాత్రులు కూర్చొని థర్మాకోల్ కోసి, అతికించి, గీతలు గీసి నిలబెట్టాను. తెల్లారితే ప్రోగ్రాం, బ్రష్‌తో పూసే టైం లేదు, స్ప్రే డబ్బాలు తెచ్చి కొట్టడం మొదలుపెట్టాను. సన్నగా చిటపటమని చప్పుడు. ఏదో పురుగనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే నా ఇటుకలు లోపలికి పీక్కుపోతున్నాయి, వేడి నీళ్లు పోసిన బెల్లంముద్దలా. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ గింజల్ని ఆవిరి పట్టి పేలాల్లాగా ఉబ్బించి అతికించిన పలక, అందులో 98 శాతం గాలే. మిగిలిన ఆ రెండు శాతం ప్లాస్టిక్కును స్ప్రే పెయింట్‌లో ఉండే ద్రావకం కరిగిస్తుంది. థిన్నర్ కరిగిస్తుంది, పెట్రోల్ కరిగిస్తుంది, అమ్మాయిలు గోళ్ల రంగు తీసేసే అసిటోన్ కరిగిస్తుంది, చెప్పులు కుట్టేవాళ్లు, రెగ్జిన్ అతికించేవాళ్లు వాడే పసుపు జిగురు కూడా కరిగిస్తుంది. తెల్ల ఫెవికాల్ ఏమీ చేయదు, నీళ్లతో కలిసే ఎమల్షన్, డిస్టెంపర్ ఏమీ చేయవు. అందుకని థర్మాకోల్‌కు నేరుగా తగిలేది ఏదైనా సరే నీళ్లతో కలిసేదే అయి ఉండాలి. ఆ రోజు గడికి స్తంభాలు లేవు. హెడ్ మేడమ్ ఇంటి నుంచి రెండు చీరలు తెప్పించి కట్టారు. నాటకం బాగానే ఆడింది, పిల్లల్ని చూస్తారు గానీ స్తంభాల్ని ఎవరు చూస్తారు అని నన్ను ఓదార్చారు కూడా. నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు.

కరిగిపోవడం పెద్ద తప్పేం కాదు, ఒకసారి తెలిస్తే మళ్లీ చేయం. అసలు తప్పు తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. స్తంభాలు కరగడం లేదు, రంగు కుదురుతోంది, అయినా చూసినవాళ్లు "బాగుందన్నా, థర్మాకోల్‌తో భలే చేశావు" అంటున్నారు. అది మెచ్చుకోలు అనుకునేవాణ్ని. కాదు. థర్మాకోల్ అని వాళ్లకు తెలిసిపోతోందన్నమాట! బాగా చేస్తే ఎవరూ మెచ్చుకోరు, ఆనుకొని నిలబడబోయి కింద పడతారు. (నవ్వులు) కుడివైపు స్తంభం లాంటిదాన్ని ఒక పెద్దాయన ఆనుకోబోయాడు. ఆయనకు దెబ్బేం తగల్లేదు గానీ నాకు ఆ రోజు పండుగే.

ఆ, చెయ్యెత్తాడు. చెప్పు తమ్ముడూ.

(ఒక అబ్బాయి: మూల దగ్గర అన్నా. ఎడమదాంట్లో ఇటుక మూలకు వచ్చి ఆగిపోయింది. పక్కకు తిరగలేదు.)

శభాష్! ఇటు రా, అందరికీ చూపించు. చూడండి, ఈ వైపు మూల దగ్గర ఒక నిండు ఇటుక ఉంది, 9 అంగుళాల పొడుగు. అదే వరుసలో పక్క వైపుకు తిరిగితే మూల దగ్గర మళ్లీ ఇంకో నిండు ఇటుక. అంటే మూలలో ఉన్న ఆ ఒక్క ఇటుక ఇటు 9 అంగుళాలు, అటు 9 అంగుళాలు. అంత ఇటుకను ఏ బట్టీలో కాలుస్తారు? మనకు లెక్క తెలియకపోయినా కంటికి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి గోడలు చూస్తున్నాం కదా, ఎక్కడో ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది.

నాకిది ఒక మేస్త్రి దగ్గర తెలిసింది. మా గల్లీలో ఇల్లు కడుతుంటే గేటు స్తంభాలు లేపుతున్నాడు, నేను చాయ్ తాగుతూ చూస్తున్నాను. 9 అంగుళాల స్తంభానికి ఒక వరుసలో రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టాడు. నా వైపు నుంచి ఒక నిండు ఇటుక పొడుగు కనిపిస్తోంది. పక్కకు పోయి చూస్తే రెండు ఇటుకల పొట్టి వైపులు కనిపిస్తున్నాయి. పై వరుసకు వచ్చేసరికి రెండిటినీ అడ్డం తిప్పాడు. ఇప్పుడు నా వైపు రెండు పొట్టివి, పక్కన ఒక పొడుగుది. ఎందుకట్లా అని అడిగితే ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసి, "సందు మీద సందు వస్తే స్తంభం నిలువునా చీలుతది కదా బిడ్డా" అన్నాడు. అంతే. మేం బోర్డు రాసేవాళ్లం, మాకు ఒక వైపే ఉంటుంది. స్తంభానికి నాలుగు బోర్డులు గీసి అతికిస్తున్నాను నేను ఇన్నేళ్లూ. మేస్త్రి స్తంభం కడతాడు, నేను స్తంభం బొమ్మ గీస్తున్నాను.

సందు అంటే ఏమిటో కూడా ఆయన దగ్గరే చూశాను. ఇటుకకూ ఇటుకకూ మధ్య సిమెంట్ మాల్ ఎంత మందం ఉంటుందో ఎవరైనా చెప్పగలరా? సుమారు 10 మిల్లీమీటర్లు, అంటే మీ చిటికెన వేలంత. ఎడమవైపు స్తంభంలో నేను గీసిన గీత పెన్సిలంత కూడా లేదు. అది సందు కాదు, నోట్‌బుక్ గీత. మాల్ అంతటా ఒకేలా ఉండదు, ఒక చోట ఇటుక మీదికి కొంచెం పొంగి ఎండిపోతుంది, ఒక చోట రాలిపోయి లోపలికి గుంట పడుతుంది. ఇటుకను మనం ఎర్రగా దేనితో చేసినా జనం నమ్ముతారు. నమ్మించేదీ, పట్టించేదీ ఈ సందే.

సరే, కొలతలకు వద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి. ప్రభుత్వ లెక్క ప్రకారం ఇటుక 19 సెంటీమీటర్ల పొడుగు, 9 వెడల్పు, 9 ఎత్తు, సందుతో కలిపితే 20, 10, 10. కానీ మన చుట్టుపక్కల చేత్తో కోసే ఇటుక 9 అంగుళాలు, 4 అంగుళాలు, 3 అంగుళాలకు అటూఇటుగా ఉంటుంది, మన జనం కంటికి అలవాటైంది అదే కాబట్టి నేను అదే వాడతాను. మీరు నా మాట కూడా నమ్మకండి, ఇంటి దగ్గర గోడ పగిలిన చోట టేప్ పెట్టి కొలవండి.

స్టేజీ మీద 9 అంగుళాల స్తంభం బక్కగా కనిపిస్తుంది, గడికి, కోటకు అది పనికిరాదు. ఒకటిన్నర ఇటుక స్తంభం కావాలి. ఒక నిండు ఇటుక 9, ఒక సందు, ఒక పొట్టి వైపు 4, కలిపితే పదమూడున్నర అంగుళాలు, 34 సెంటీమీటర్లు అనుకోండి. దీన్ని మేస్త్రి ఎట్లా కడతాడంటే, నాలుగు ఇటుకల్ని ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు చుట్టూ తిప్పి పెడతాడు, మధ్యలో మిగిలిన చోట ముక్క ఇటుక వేస్తాడు. అప్పుడు ఏ వైపు చూసినా ఆ వరుసలో ఒక పొడుగు, ఒక పొట్టి. పొడుగుది ఎడమ చేతి వైపు ఉంటే నాలుగు వైపులా ఎడమే. పై వరుసలో నాలుగు వైపులా కుడికి మారుతుంది. ఇది ఒక్కసారి చేత్తో పెట్టి చూస్తే వస్తుంది. అగ్గిపెట్టెలు తెచ్చాను, తర్వాత ప్రతి ఒక్కరూ రెండు వరుసలు పెట్టి చూపించాలి, అది రానివాళ్లకు కట్టర్ ఇవ్వను.

ఎత్తు ఏడడుగులు అనుకుందాం. 3 అంగుళాల ఇటుక ఏడున్నర సెంటీమీటర్లు దాటుతుంది, సందు ఒకటి, అంటే వరుసకు 8.6 సెంటీమీటర్లు. 25 వరుసలు వేస్తే 215, ఏడడుగులు దాటింది. థర్మాకోల్ షీట్ మనకు మామూలుగా దొరికేది మీటరు పొడుగు, అర మీటరు వెడల్పు. మీటరులో పదకొండున్నర వరుసలు వస్తాయి. ఆ అర వరుసకు ఆశపడకండి! 11 వరుసల దగ్గర, అంటే 94.6 దగ్గర షీట్ కోసేయండి. ఎందుకు? రెండు షీట్లు కలిసే అతుకు సరిగ్గా సందులోకి వస్తుంది, లేకపోతే ఇటుక నడుము మీదికి వచ్చి ఎన్ని పూతలు పూసినా లైటు పడగానే కనబడుతుంది. 11, 11, పైన 3 వరుసల ముక్క. నాలుగు వైపులకు పది షీట్లలో అయిపోతుంది, మిగిలిన పట్టీలు పైన టోపీకి, కింద దిమ్మెకు సరిపోతాయి.

మందం 25 మిల్లీమీటర్లది తీసుకోండి. 12 మిల్లీమీటర్లది గీతలు గీస్తుంటేనే విరుగుతుంది. పలకలు 34 వెడల్పు కోస్తే తప్పు, ఒక పలక అంచు పక్క పలక మందాన్ని కప్పుతుంది కదా, అందుకే 31.5 కోయాలి. లోపల చెక్క రీపర్లతో చట్రం, ఫెవికాల్‌తో అతికించి సుతిలితో చుట్టి ఒక రాత్రి వదిలేయాలి. ఫెవికాల్ గాలి తగలక లోపల నెమ్మదిగా ఆరుతుంది, తొందరపడితే జారుతుంది.

ఇక ముఖ్యమైనది. గీతలు ఎప్పుడు గీయాలి? పలకలు విడిగా ఉన్నప్పుడు నేల మీద పెట్టి గీయడం సులువు, అందరూ అదే చేస్తారు, అక్కడే మూల పోతుంది. అతికించి, నిలబెట్టి, ఆ తర్వాత గీయండి. ఒక దారాన్ని స్తంభం చుట్టూ కట్టి ప్రతి 8.6 దగ్గర గుర్తు పెట్టుకుంటూ పొండి, అడ్డం గీత నాలుగు వైపులా ఒకే మట్టంలో తిరుగుతుంది. నిలువు గీతలు మాత్రం వరుస మార్చి వరుస. స్కేలు మాత్రం పక్కన పడేయండి. మేస్త్రి చేతిలో స్కేలుండదు, గుండూ దారమే. గీత ఒక రెండు మిల్లీమీటర్లు అటూఇటూ పోతే పోనివ్వండి.

గీయడానికి నేను వాడేది ఇది, రేడియోలు బాగుచేసే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్. కొన సన్నగా ఉంటుంది కాబట్టి రాగి తీగను జడపిన్నులా వంచి కొనకు కట్టాను, ఒక్కసారి లాగితే చిటికెన వేలంత గాడి పడుతుంది. ఇట్లా. లోతు అర సెంటీమీటరు చాలు. చెయ్యి ఆపకూడదు, ఆపారంటే అక్కడ గుంట పడుతుంది. పడిందా, ఏం ఫర్వాలేదు, మాల్ రాలినట్టు ఉంటుంది. వాసన వస్తోందా? అది మంచిది కాదు, ప్లాస్టిక్ కాలిన పొగ. ఆ కిటికీలన్నీ తీయండి. ఇంట్లో అయితే వరండాలోనో డాబా మీదో చేయండి, మూసిన గదిలో వద్దు.

(ఒక టీచర్: సార్, మా పిల్లలు ఆరో తరగతి. సోల్డరింగ్ ఐరన్ ఎట్లా ఇస్తాం వాళ్లకు?)

ఇవ్వకండి మేడమ్. వాళ్లకు థర్మాకోల్ కూడా వద్దు. కిరాణా దుకాణం అట్టపెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి, అది స్తంభం. ఇంకో అట్టను 9 అంగుళాలు, 4 అంగుళాల ముక్కలు కోయించండి, 3 అంగుళాల ఎత్తుతో. చిటికెన వేలంత సందు వదులుతూ పిల్లలతోనే అతికించండి. పైన గుడ్ల ట్రేలు నానబెట్టి, పిండి, జిగురు కలిపిన గుజ్జును వేళ్లతో ఒత్తించండి. గుడ్ల ట్రే గుజ్జుకు ఆరాక వచ్చే గరుకుదనం ఉంది చూడండి, కాలిన ఇటుకకు దానికంటే దగ్గరిది నేనింతవరకు చూడలేదు, నిజం చెప్పాలంటే నా థర్మాకోల్ కంటే అదే మేలు. బరువెక్కువ, ఆరడానికి మూడు నాలుగు రోజులు, ఆ రెండే ఇబ్బందులు. జిగురుకు మైదా ఉడికిస్తే పురుగు పడుతుందని మైలుతుత్తం కలుపుతారు, పుస్తకాలు బైండు చేసేవాళ్ల అలవాటు అది. పిల్లలు చేసేదాంట్లో కలపకండి, అది విషం.

జిగురు మాట వచ్చింది కాబట్టి, మన చేర్యాల వాళ్లు మాస్కులు దేనితో చేస్తారో తెలుసు కదా. రంపపు పొట్టు, చింతగింజల జిగురు. చింతగింజల్ని నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే వచ్చే జిగురులో పొట్టు పిసికి, కొబ్బరి చిప్ప మీద ముక్కూ మూతీ తీర్చి, రంగులు వేస్తారు. నేను ఒకసారి అక్కడికి పోయి చూసి వచ్చి, అదే పొట్టు ముద్దను థర్మాకోల్ మీద పలచగా పూసి చూశాను. థర్మాకోల్‌ను పట్టించే ఇంకో లక్షణం ఆ గింజలు గింజలుగా కనిపించడం కదా, ఈ పూత దాన్ని పూర్తిగా మింగేసింది. పైగా గట్టిపడి వేలితో కొడితే బోలుగా మోగడం తగ్గింది. ఇప్పుడు తీరిక ఉంటే చింతగింజల జిగురు, లేకపోతే వాల్ పుట్టీలో ఫెవికాల్, గుప్పెడు జల్లించిన ఇసుక. రెండు పూతలు. పూయడానికి ముందు వైర్ బ్రష్‌తో ఇటుక మొఖాన్ని కొట్టండి, రాయి తీసుకొని అక్కడక్కడా నొక్కండి, బొటనవేలితో నాలుగైదు ఇటుకల మూలలు తుంచేయండి, ముఖ్యంగా స్తంభం అంచున ఉన్నవి, కింద మోకాలి ఎత్తు వరకు ఉన్నవి. గేటు స్తంభానికి దెబ్బలు తగిలేది అక్కడే కదా, బండ్లు గీరుకుంటాయి, బర్రెలు రాసుకుంటాయి. పైన ఆరో అడుగు దగ్గర ఇటుక విరిగి ఉంటే ఎవరు విరగ్గొట్టారు మరి?

(ఒక యువకుడు: అన్నా, మనది రాతి ఊరు. వేయిస్తంభాల గుడి, ఖిల్లా, అంతా రాయే. మండపానికి రాతి స్తంభం చేయక ఇటుకెందుకు?)

మంచి ప్రశ్న. రాతి స్తంభం చేయొచ్చు, కానీ వేయిస్తంభాల గుడిలో ఆ నల్లరాతి నునుపును థర్మాకోల్‌తో తేవడం నా వల్ల కాలేదు, అద్దంలా మెరుస్తుంది అది, 1163లో చెక్కినవాళ్ల చెయ్యి అది. ఇటుకకు ఆ ఇబ్బంది లేదు, వంకరటింకరగా ఉంటేనే అందం. ఇంకోటి, మనది రాతి ఊరే గానీ ఇటుక లేని ఊరు కాదు. రామప్ప గుడి తెలుసు కదా, 1213 నాటిది, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. కింద అంతా రాయి, పైన శిఖరం మాత్రం ఇటుక. ఆ ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి, లోపలంతా సన్న రంధ్రాలు, అంత తేలిక. బరువు తగ్గించడానికి మనవాళ్లు 800 ఏళ్ల కిందటే తేలిక ఇటుకలు చేశారు, మనం ఇప్పుడు థర్మాకోల్ చేస్తున్నాం. మనవీ తేలతాయి. (నవ్వులు) తేలతాయి కదా అని నిమజ్జనం రోజు తీసుకుపోయి భద్రకాళి చెరువులో వేయకండి, వాళ్లవి మట్టి, మనవి ప్లాస్టిక్, అది కుళ్లదు, గింజలు గింజలుగా రాలి ఏళ్లకేళ్లు అక్కడే ఉంటుంది.

రంగు. ముందు ఇటుక రంగు వేయకండి. ముందు మాల్ రంగు, మొత్తం స్తంభానికి, ఇటుకలూ సందులూ అన్నిటికీ. సిమెంట్ రంగు అంటే నలుపు తెలుపు కలిపిన బూడిద కాదు, అందులో కొంచెం పసుపుమట్టి ఛాయ పడాలి. పాత గడి అయితే సిమెంట్ కాదు, సున్నం, ఇంకా తెల్లగా ఉండాలి. అది ఆరాక ఇటుక రంగును బ్రష్‌తో కాదు, పరుపులో ఉండే స్పాంజి ముక్కతో అద్దండి, ఇటుక మొఖానికి తగులుతుంది, సందులోకి పోదు. గంటల తరబడి సన్న బ్రష్‌తో తెల్ల గీతలు గీయాల్సిన బాధ తప్పింది.

ఎరుపు ఒకటే ఉండకూడదు. బతుకమ్మ ముందర ఇళ్లకు పూసే జాజు కొని ఎమల్షన్‌లో కలపండి, అది మీ నడిమి రంగు. మూడు చిప్పలు పెట్టుకోండి. ఒకటి ఉత్త జాజు, ఒకటి దాంట్లో నలుపు చుక్క, ఒకటి పసుపు చుక్క. బట్టీలో మంటకు దగ్గరున్న ఇటుక మాడి నల్లబడుతుంది, దూరంగా ఉన్నది సరిగా కాలక నారింజ రంగులో పాలిపోతుంది, మేస్త్రి అన్నీ కలిపే కడతాడు. అందుకని ఐదారు ఇటుకలకు ఒకటి మాడినది, పది పన్నెండుకు ఒకటి పాలిపోయినది. లెక్కపెట్టుకుంటూ వేయకండి, అట్లా వేస్తే చీర మీద డిజైన్‌లా తయారవుతుంది, నేను వేశాను, చూసి మా ఆవిడే నవ్వింది. ఆ తర్వాత నల్లరంగును ఛాయ్ అంత పలచగా నీళ్లలో కలిపి పైనుంచి కార్చి, వెంటనే పాత బట్టతో తుడవండి. గుంటల్లో మురికి ఉండిపోతుంది, పైన తేలిపోతుంది. కింద రెండడుగుల దగ్గర తడిసి ఆరిన సుద్ద నీళ్ల మరకలు, చౌడు పట్టినట్టు. వానలు చూసిన స్తంభం అయిపోయింది.

గడి కావాలంటే ఇంకో మాట. గడి స్తంభానికి ఇటుక నిండుగా కనిపించదు, పైన సున్నం గచ్చు ఉంటుంది. అది ఒక చోట పెచ్చులూడి, లోపల నాలుగు ఇటుకలు బయటపడి ఉంటాయి. అదే చేయండి. స్తంభమంతా పుట్టీ, ఒక్క మూల దగ్గర మాత్రం పెచ్చు ఊడినట్టు వదిలేసి అక్కడ ఇటుకలు. పని నాలుగో వంతు, చూడ్డానికి నాలుగింతలు. పెచ్చు అంచు మాత్రం గుండ్రంగా కోయకండి, మన జిల్లా మ్యాప్‌లా వంకరగా ఉండాలి. ఏ జిల్లా అని అడగకండి, మ్యాపులు చాలాసార్లు మారాయి.

లైట్లు. ఒక నాటకానికి ఇంత పనీ చేసి, పొద్దున పూట ఎండలో చూసుకొని మురిసిపోయాను. రాత్రి సీన్‌లో లైటింగ్ వాళ్లు నీలం లైట్లు వేశారు. నా ఎర్ర ఇటుకలు బొగ్గులైపోయాయి. ఎర్ర రంగు ఎరుపునే వెనక్కి పంపుతుంది, నీలాన్ని మింగేస్తుంది, ఎర్ర వెలుగు పడకపోతే పంపడానికి దాని దగ్గర ఏముంది? ఇప్పుడు ముందే అడుగుతాను, రాత్రి సీన్ ఉందా అని. ఉంటే ఇటుకల పై అంచులకు తెల్లటి ఛాయ ఆరిన బ్రష్‌తో గీరినట్టు వేస్తాను, ఒక వైపు నుంచి మామూలు పసుపు లైటు ఒక్కటన్నా ఉంచమని బతిమాలుకుంటాను. పక్క నుంచి లైటు పడితే సందుల్లో నీడ పడుతుంది, ఎదురుగా పడితే మీరు తీసిన గాళ్లన్నీ దండగే.

ఇక నిలబెట్టడం. ఏడడుగుల స్తంభం, బరువు చూస్తే చంటిపిల్లంత. భాద్రపదంలో గాలీవానా ఉంటుంది, మండపంలో అది నిలబడదు. కింద ప్లైవుడ్ పలక, దాని మీద చట్రం బిగించి, లోపల అడుగున నిజం ఇటుకలు పెట్టండి, ఒక్కోటి సుమారు మూడు కిలోలు, ఎనిమిది పెడితే పాతిక కిలోలు. డమ్మీ ఇటుక స్తంభాన్ని నిలబెట్టేది నిజం ఇటుకలే, ఏం చేస్తాం. పుట్టీ మీద వాన నీళ్లు పడితే ఉబ్బుతుంది కాబట్టి పైకప్పు లేని చోట రెండు పూతలు బయటి గోడల ఎమల్షన్ వేయండి.

దీపాలు, హారతి, అగరబత్తులు, హాలోజన్ లైట్లు, వీటికి ఎంత దూరం పెట్టగలిగితే అంత దూరం పెట్టండి. థర్మాకోల్ అంటుకుంటే కారుతూ కాలుతుంది, నల్లటి పొగ వస్తుంది. మంట తీసేస్తే ఆరిపోయే రకం షీట్లు ఉన్నాయి, ఎఫ్ఆర్ గ్రేడ్ అని అడగండి, మండపానికి అయితే అదే కొనండి. వైర్లు స్తంభం లోపలి నుంచి లాగకండి. నేను అందరితో నవ్వుతూ మాట్లాడతాను గానీ ఈ ఒక్క విషయంలో కమిటీ వాళ్లతో గొడవ పెట్టుకుంటాను.

(ఒకరు: అన్నా, ఇంట్లో చేసింది అక్కడికి తీసుకుపోవుడెట్ల?)

అది అడిగావు, నా ప్రాణం పోయేది దాంతోనే. ఒకసారి ఎనిమిదడుగుల స్తంభం గదిలో చేశాను, ద్వారం ఆరున్నర. ఏటవాలుగా తీద్దామంటే దిమ్మె అడ్డం. చివరికి నడుం దగ్గర రంపంతో కోసి తీశాను. అప్పటి నుంచి రెండు ముక్కలుగానే చేస్తున్నాను, 11 వరుసల దగ్గర విడిపోయేటట్టు, లోపల రీపర్ ఒకదాంట్లోకి ఒకటి దిగుతుంది. అక్కడ పోయి నిలబెట్టాక సందులో కొంచెం పుట్టీ రాసి, మాల్ రంగు అద్దితే అయిపోయింది. ట్రాలీ ఆటోలో వేస్తే తాడు ఒక్కటి కడితే చాలదు, దుప్పటి కప్పి కట్టాలి, లేదంటే గాలికి ఎగిరిపోతుంది. మాది ఒకటి రోడ్డు మీద ఎగిరి పడితే వెనకొచ్చే స్కూటర్ ఆయన ఇటుక స్తంభం మీద పడుతోందనుకొని బండి వదిలేసి దూకాడు. ఆయన లేచి చూసుకునేసరికి నేను స్తంభాన్ని ఒక్క చేత్తో ఎత్తుకొని పోతున్నాను. ఆయన మొఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

సరే, లేవండి, బల్ల దగ్గరికి రండి. ముందు అగ్గిపెట్టెలు, తర్వాత కట్టర్లు. వైర్ బ్రష్‌లు రెండే ఉన్నాయి, వంతులు వేసుకోండి. మేడమ్, మీ పిల్లలకు గుడ్ల ట్రేలు ఆ బకెట్లో నానుతున్నాయి. తమ్ముడూ, ఆ ఫ్యాన్ ఆపు ముందు, లేకపోతే ఈ గింజలన్నీ అందరి ముక్కుల్లోకి పోతాయి. అది కాదు, పక్క స్విచ్చి.